పోర్క్ లాయిన్ పొడిబారకుండా ఓవెన్‌లో రోస్ట్ చేయడం ఎలా?

ప్రశ్న – కొలంబస్ కోడలు

నమస్కారం. మేము అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటున్నాము. క్రిస్మస్ ముందు రోజు రాత్రి మా చర్చికి వచ్చే రెండు మూడు కుటుంబాలను భోజనానికి పిలిచాము కనుక, ఎప్పటిలా కూర వండకుండా పోర్క్ లాయిన్‌ను, అంటే పంది వీపు మాంసాన్ని, ఒకే పెద్ద ముక్కగా ఓవెన్‌లో రోస్ట్ చేయాలని అనుకుంటున్నాను. కాస్ట్‌కోలో ఎముక తీసేసిన పూర్తి లాయిన్ కొన్నాము. అది దాదాపు నాలుగు కిలోలు ఉంది. ఒక వైపు పొడవునా తెల్లని కొవ్వు పొర, మిగతాదంతా కొవ్వు చారలు పెద్దగా లేని లేత గులాబీ రంగు మాంసం. అందులో సగం విందుకు వాడి, మిగతా సగం ఫ్రీజర్‌లో పెట్టాలని ఆలోచన.

గుంటూరులో మా పుట్టింట్లో పంది మాంసమంటే చిన్న ముక్కలుగా కొట్టించి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం పట్టించి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఆ తర్వాత మూకుడులో కొవ్వు పైకి తేలేదాకా వేయించడమే. ఇక్కడ విందుల్లో నేను తిన్న రోస్ట్ మాత్రం చాలాసార్లు గ్రేవీ పోసుకుంటే గాని గొంతు దిగనంత పొడిగా ఉండేది. అలాంటిది అతిథుల ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు.

నా సందేహాలు ఇవి. ఓవెన్ ఎంత వేడిలో ఉండాలి, ముక్కను ఎంతసేపు ఉంచాలి అన్నదానిపై ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు, దేనిని నమ్మాలి? ఉప్పునీళ్ళలో నానబెట్టడం నిజంగా అవసరమా? మన మసాలా పట్టించవచ్చా? చివరిగా, లోపల కాస్త గులాబీ రంగు ఉన్నా తినవచ్చని ఇక్కడివారు అంటారు గాని, మా అత్తగారు అలాంటి ముక్కను ముట్టుకోరు. ఆవిడకూ అతిథులకూ ఒకే రోస్ట్ సరిపోయే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

సమాధానం – పొయ్యి దగ్గర, డాలస్

మీరు కొన్న ముక్క స్వభావం తెలిస్తే మిగతా ప్రశ్నలకు జవాబు సగం దొరికినట్టే. మన కూరలకు వాడే భుజం, తొడ మాంసంలో కొల్లాజెన్ అనే గట్టి పీచు పదార్థం ఎక్కువగా ఉంటుంది. అది 70 డిగ్రీల సెల్సియస్ దాటాక నిదానంగా కరిగి జెలటిన్‌గా మారుతుంది కనుక, అలాంటి మాంసం ఉడికేకొద్దీ మెత్తబడుతుంది. లాయిన్ అంటే వీపున వెన్నెముక వెంబడి పొడవుగా సాగే కండరం. జంతువు నడకలో దానికి పని తక్కువ కాబట్టి అందులో కొల్లాజెనూ తక్కువే, లోపలి కొవ్వూ తక్కువే. కరగవలసినది లేనప్పుడు ఎక్కువసేపు ఉడికించి లాభం లేదు, నష్టం మాత్రం ఉంది. 50 డిగ్రీల ప్రాంతంలో మయోసిన్ అనే ప్రోటీన్ గట్టిపడి మాంసానికి ఉడికిన బిగువు వస్తుంది. 65 దాటాక ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ కూడా బిగుసుకుని, పోగులు ముడుచుకుపోయి, లోపలి రసాన్ని బయటికి పిండేస్తాయి. కుక్కర్ అలవాటుతో లాయిన్‌ను చూస్తే అది ఎందుకు ఎండిపోతుందో అర్థం కాదు.

కాబట్టి మీరు పట్టుకోవలసినది మాంసం మధ్యభాగంలో 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఉన్న ఇరుకైన మెట్టు. గడియారం చూసి దానిని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. మాంసంలో గుచ్చే డిజిటల్ థర్మామీటర్ తప్పనిసరిగా కొనండి. ఈ వంటలో ఏ మసాలాకన్నా అదే ముఖ్యం. అమెరికా వ్యవసాయ శాఖ 2011 మే నెలలో పంది మాంసపు పెద్ద ముక్కలకు తాను సూచించే ఉష్ణోగ్రతను 160 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి 145కు, అంటే 71 సెల్సియస్ నుంచి 63కు తగ్గించి, ఓవెన్ నుంచి తీశాక కనీసం 3 నిమిషాలు ఆగి కోయాలని చెప్పింది. కీమాకు మాత్రం ఇప్పటికీ 160 ఫారన్‌హీటే. పెద్దవాళ్ళ భయానికి మూలమైన ట్రైకినెల్లా అనే పరాన్నజీవి 58 డిగ్రీల దగ్గరే చస్తుంది కనుక, 63 దగ్గర ఆపితే దానికన్నా పైనే ఉన్నట్టు.

సమయం గురించి అడిగారు. పౌనుకు ఇన్ని నిమిషాలు అనే లెక్క లాయిన్‌కు పెద్దగా పనికిరాదు. వేడి పక్కల నుంచి మధ్యకు చేరాలి కాబట్టి సమయాన్ని నిర్ణయించేది ముక్క మందమే; ఒకే మందం ఉన్న రెండు కిలోల ముక్కకూ మూడు కిలోల ముక్కకూ పట్టే సమయంలో తేడా కొద్దిగానే ఉంటుంది.

ఉప్పు విషయంలో నా ఓటు పొడి ఉప్పుకే. కిలో మాంసానికి 12 నుంచి 15 గ్రాముల ఉప్పు తూచి, ముక్కంతటికీ పట్టించి, మూత పెట్టకుండా ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు మొదట కొంత నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటిలోనే కరిగి తిరిగి లోపలికి పోతుంది, అక్కడ ప్రోటీన్లను కొంత సడలించి, వేడి తగిలినప్పుడు అవి నీటిని పట్టి ఉంచేలా చేస్తుంది. పైభాగం ఆరిపోవడం వల్ల తర్వాత రంగు కూడా బాగా వస్తుంది. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టినా రసం నిలుస్తుంది గాని, మాంసం రుచి కాస్త పలచబడుతుందని నా అభిప్రాయం. చెంచాల లెక్కలో ఉప్పు వేయకండి. ఇక్కడ దొరికే కోషర్ ఉప్పు అనే గరుకు పలుకుల ఉప్పుల్లో కొన్ని అదే చెంచాకు మామూలు ఉప్పులో సగం బరువే తూగుతాయి. ఇంకో జాగ్రత్త: ప్యాకెట్ మీద ఇంత శాతం ద్రావణం కలిపామని ఉంటే అది ముందే ఉప్పునీరు ఎక్కించిన మాంసం, దానికి మళ్ళీ ఉప్పు పట్టించకూడదు.

ఇక రోస్ట్. కొవ్వు పొరను తీసేయకండి. మాంసానికి కత్తి తగలకుండా దానిపై అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టండి. రెండు అంగుళాలకు ఒకటి చొప్పున వంట దారంతో కడితే ముక్క గుండ్రంగా నిలిచి అన్ని వైపులా సమానంగా ఉడుకుతుంది. ట్రేలో జాలీ మీద కొవ్వు వైపు పైకి ఉండేలా పెట్టి, 250 ఫారన్‌హీట్ ఓవెన్‌లో, అంటే 120 సెల్సియస్‌లో, మధ్యభాగం 57 డిగ్రీలకు చేరేదాకా ఉంచండి. దీనికి గంటన్నర నుంచి రెండున్నర గంటల దాకా పట్టవచ్చు. బయటికి తీసి పావుగంట ఆగండి. ఈలోగా ఓవెన్‌ను 475 ఫారన్‌హీట్‌కు పెంచి, ముక్కను మళ్ళీ లోపల పెట్టి, పైభాగం ఎర్రగా కాలేదాకా ఎనిమిది పది నిమిషాలు ఉంచండి. మధ్యభాగం 63కు చేరిందో లేదో చూసుకుని, చేరితేనే తీసి, మరో పది నిమిషాలు ఆగి కోయండి. మొదటి నుంచీ మంట ఎక్కువగా పెడితే మధ్యభాగం సరైన వేడికి వచ్చేసరికి చుట్టూ చాలా మేర ఎండిపోయి ఉంటుంది. మీరు విందుల్లో తిన్నది బహుశా అదే.

మసాలా నిరభ్యంతరంగా వేయవచ్చు. మిరియాలు, ధనియాలు, సోంపు కచ్చాపచ్చాగా దంచి, కరివేపాకు తరిగి వేసి, కొద్ది నూనెతో పట్టిస్తే లాయిన్‌కు చక్కగా నప్పుతుంది. పచ్చి అల్లం ముద్దను మాత్రం రాత్రంతా ఉంచకండి. అల్లంలో మాంసాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. కూర ముక్కలకు అది మేలు చేసినా, రోస్ట్‌కు పైపొరను పిండిలా చేస్తుంది. బొప్పాయి సంగతి చెప్పనవసరం లేదు. వెల్లుల్లి, చక్కెర లాంటివి 475 ఫారన్‌హీట్‌లో మాడతాయి, కనుక అవి గ్రేవీలో వేసుకోవడం మంచిది.

సమాధానం – లెస్టర్ వాసి

పై పద్ధతితో నాకు పేచీ లేదు గాని, అత్తగారి ప్రశ్నకు జవాబు రాలేదు. బ్రిటన్‌లో ఆహార ప్రమాణాల సంస్థ మధ్యభాగం 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2 నిమిషాలు ఉండాలంటుంది. దానికి సమానంగా 65 దగ్గర 10 నిమిషాలనూ, 60 దగ్గర 45 నిమిషాలనూ ఒప్పుకుంటుంది. క్రిములు చావడానికి వేడి ఎంతో, ఆ వేడి నిలిచిన సమయమూ అంతే ముఖ్యం. సన్నని సెగ మీద వండుతున్నారు కనుక మీ రోస్ట్‌ను 65కు తెచ్చి పది నిమిషాలు అక్కడే నిలపడం కష్టం కాదు. ముందు రోజు ఉప్పు పట్టించిన లాయిన్‌లో ఆ రెండు డిగ్రీల వల్ల పోయే రసం స్వల్పమే, గులాబీ చాయ మాత్రం చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోకపోయినా కంగారు పడకండి. రంగును బట్టి ఉడికిందో లేదో తేల్చలేము. బాగా ఉడికిన పంది మాంసం కూడా ఒక్కోసారి గులాబీగానే కనిపిస్తుంది.

మీరు కొన్నదానికి చర్మం ఉండదు కాబట్టి మీకు అక్కరలేదు గాని, ఇక్కడ చదివే బ్రిటన్ వాళ్ళ కోసం ఒక మాట. మాకు లాయిన్ చర్మంతోనే దొరుకుతుంది, ఆ చర్మం కరకరలాడకపోతే రోస్ట్ చేసిన ఫలితమే లేదు. దానికి గాట్లు పెట్టి, ఉప్పు రాసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఆరబెట్టి, మొదటి అరగంట 240 డిగ్రీల్లో కాల్చి, ఆ తర్వాత 160కి తగ్గించాలి. చర్మం మీద నీళ్ళు గాని రసం గాని పోయకూడదు.

సమాధానం – సికింద్రాబాద్ ఓటీజీ

ఇండియాలో ఇది చదివి ప్రయత్నించేవారికి రెండు హెచ్చరికలు. 63 డిగ్రీలన్న లెక్క తనిఖీ పద్ధతులు గట్టిగా ఉన్న దేశాలది. మన దగ్గర వీధి దుకాణాల్లో కొనే మాంసంలో టీనియా సోలియం అనే బద్దెపురుగు తిత్తులు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేము. బియ్యపు గింజల్లా తెల్లగా కనిపిస్తే ఆ మాంసం కొననే వద్దు. ఆ తిత్తులు తింటే పేగుల్లో పురుగు పెరుగుతుంది. మెదడుకు చేరి మూర్ఛలు తెప్పించేది మాత్రం, పురుగు ఉన్న మనిషి మలం ద్వారా బయటపడి, చేతులు కడుక్కోకపోవడం వల్లో, శుభ్రం చేయని కూరగాయల వల్లో ఇతరుల కడుపులోకి పోయే గుడ్లు. అందుకే దుకాణం గురించి నమ్మకం లేనప్పుడు నేను 71 డిగ్రీలకు వెళ్ళమనే చెబుతాను. కాస్త పొడిబారినా గ్రేవీ ఉంది కదా. ఇంటి ఫ్రీజర్‌ను నమ్ముకుని వేడి తగ్గించకండి.

రెండోది ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు పొయ్యి గురించి. అందులో పై రాడ్ మాంసానికి బాగా దగ్గరగా ఉంటుంది, బయటి మీట చూపే వేడికీ లోపలి వేడికీ చాలా తేడా ఉంటుంది. కిలో, కిలోంపావుకు మించని ముక్క తీసుకుని, కింది అరలో పెట్టి, మొదటి దశలో కింది రాడ్ మాత్రమే వాడండి; చివర్లో రంగు కోసం పైది వేస్తే చాలు. దుకాణంలో అడగకపోతే ఎముకతో సహా ముక్కలు కొట్టేస్తారు, కాబట్టి వీపు మాంసం కోయకుండా ఒకే ముక్కగా కావాలని ముందు రోజే చెప్పి పెట్టుకోవాలి.

ప్రశ్న వేసినవారు – కొలంబస్ కోడలు

అందరికీ ధన్యవాదాలు. ప్యాకెట్ మీద ద్రావణం కలిపినట్టు లేదు కాబట్టి పొడి ఉప్పే పట్టిస్తాను, 65 దగ్గర పది నిమిషాలు నిలుపుతాను. ఒక్క సందేహం మిగిలింది. నాలుగు కిలోల లాయిన్‌ను రెండుగా కోస్తే ఏ సగం విందుకు వాడాలి? ఒక కొన దగ్గర మాంసం ముదురు రంగులో, కొవ్వు కాస్త ఎక్కువగా ఉంది.

సమాధానం – పొయ్యి దగ్గర, డాలస్

ఆ ముదురు రంగు కొన భుజం వైపుది. మొదటిసారి చేసేవారికి అదే మేలు, ఎందుకంటే కొవ్వు ఎక్కువ ఉన్నందున థర్మామీటర్ చూడడంలో కాస్త ఆలస్యమైనా ఆ వైపు మాంసం అంత తొందరగా ఎండిపోదు. నడిమి భాగం ఒకే మందంతో, కోసినప్పుడు చూడముచ్చటగా ఉంటుంది గాని, పొరపాటును క్షమించదు. తుంటి వైపు కొన మందం సమంగా ఉండదు కనుక దానిని రోస్ట్‌కు వాడకుండా, అంగుళం మందాన చాప్స్‌గా కోసి విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

అత్తగారి విషయంలో లెస్టర్ వారు చెప్పినది సరైనదే. దానితోపాటు, రోస్ట్ రెండు కొనలు ఎప్పుడూ మధ్యకన్నా ఎక్కువ ఉడికే ఉంటాయి. ఆ ముక్కలు ఆవిడ పళ్ళెంలో వేసి, ట్రేలో దిగిన రసంలో ఉల్లిపాయ, మిరియాలు వేసి మరిగించిన గ్రేవీ పైన పోయండి. ముక్కలను పోగులకు అడ్డంగా, అర అంగుళం మించకుండా కోయండి. మిగిలినవి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తాయి. మరుసటి రోజు మళ్ళీ వేడి చేస్తే ఎండిపోతాయి కాబట్టి చల్లగానే పలచగా కోసి, ఉల్లిపాయ, నిమ్మరసం, పచ్చిమిర్చితో కలుపుకోవచ్చు, లేదా మరుగుతున్న గ్రేవీలో వేసి వెంటనే దించేయవచ్చు.