సమస్య: "కొలువు బొమ్మలు నడిరేయి కూడి నవ్వె"

మోడరేటర్:
దసరా బొమ్మలు పాత పంచెల్లో చుట్టి అట్టపెట్టెలో సర్దుతుంటే తట్టిన తేటగీతి పాదం ఇది. దీన్నే ఆఖరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. షరతు ఒక్కటే. కథ ఊరికి దూరంగా, పాడుబడ్డ మేడలో జరగాలి. చదివితే వెన్నులో చలి పుట్టాలి. "ఇదంతా కల" అని తేల్చే పూరణలు తీసేస్తాను. ఎవరినంటున్నానో వాళ్లకే తెలుసు.

గోదారిగట్టు:
తెలుసులెండి. కల లేకుండానే ఇదిగో:

గాలి కిటికీల తోయగా కదలె తలలు
తంజనగరంపు బొమ్మలు తాళమేసె
పగిలి పడియున్న గోడలే బదులు పలుక
కొలువు బొమ్మలు నడిరేయి కూడి నవ్వె

అయ్యవారు:
తంజావూరు బొమ్మను తేవడం మంచి ఊహే. దానికి తల వేరు, ఒళ్లు వేరు. చిన్న మొన మీద నిలబడి ఊగుతుంది కాబట్టి గాలి తగిలితే చాలు. కానీ "తాళమేసె" ఏమిటండీ? "తాళము వేసె" అనాలి, ఇది గ్రామ్యం. పైగా తలుపుకు తాళం వేసినట్టు ధ్వనిస్తోంది. "తాళగతిని" అంటే సరిపోయేది. ఇక భయం సంగతి. కిటికీ మూస్తే పోయే భయం ఇది.

గోదారిగట్టు:
సవరణకు ధన్యవాదాలు మేష్టారూ. ఆ మాటకొస్తే చింతచెట్టు దెయ్యం సమస్యలో తమరి దెయ్యం ఆఖరికి ఆరేసిన పంచె అయింది. అది మడతపెడితే పోయే భయం.

అయ్యవారు:
అందులో పంచె శ్లేష. అర్థమైనవాళ్లకు అర్థమైంది.

మోడరేటర్:
పంచె గొడవ అప్పుడే ముగిసింది. ముందుకు నడవండి.

చాటువు:
కొలువంటే మెట్ల మీదిదే కానక్కర్లేదు కదా!

విక్రమార్కుని గద్దెపై వెలుగ నెంచి
భోజుడొంటిగ నొక మెట్టు పొంగి యెక్క
ముప్పదియు రెండు నొక్కటై మూతి విరిచి
కొలువు బొమ్మలు నడిరేయి కూడి నవ్వె

లక్కపిడత:
అబ్బ! కొలువును రాజసభ చేసేశారు. ఈ వారానికి ఇదే విరుపు. "మూతి విరిచి" మరీ నచ్చింది, మా మేనత్త కళ్లముందు కనబడింది.

అయ్యవారు:
విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ భోజుడు ఆ సింహాసనం ఎక్కబోయింది ముహూర్తం పెట్టించుకుని, అందరి ఎదుట. నడిరేయి ఒంటరిగా దొంగలా ఎందుకు వస్తాడు? అది దొరికిందీ మట్టిదిబ్బ కిందే గాని మేడలో కాదు. పైగా బొమ్మకో కథ చొప్పున అవి ఆయన్ని ఆపాయి. మీరు 32 కథల్నీ ఒక్క నవ్వులో తేల్చేశారు.

చాటువు:
పగలు అందరి ముందు పరువు పోతుందని రాత్రి రిహార్సల్‌కి వచ్చాడు గురువుగారూ.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. ఇక్కడ నాకిదే మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

చిమ్మ చీకటిలో లక్క సీత కదిలె
పొనికి కర్ర రాముని చేయి పొదివి పట్టె
పాడుబడ్డ మేడ పెళ్ళి పందిరాయె
కొలువు బొమ్మలు నడిరేయి కూడి నవ్వె

గోదారిగట్టు:
స్వాగతం తమ్ముడూ. ఊహ బాగుంది. మొదటి పాదంలో మొదటి అక్షరం "చి"కి నాలుగో గణం మొదట ఉన్న "సీ"తో యతి పడిందా? చూసుకో.

అయ్యవారు:
నిక్షేపంలా పడింది. చ, ఛ, జ, ఝ, శ, ష, స ఒకదానికొకటి చెల్లుతాయి. ఇన్నేళ్లుగా పద్యాలు రాస్తున్నవారు కొత్తవాళ్లను ఇలా బెదరగొట్టకూడదు. బాబూ కొత్తకలం, మీ చిక్కు యతిలో లేదు, మూడో పాదంలో ఉంది. "డ పెళ్ళి" లఘువు, గురువు, లఘువుగా జగణమైంది, అక్కడ పడాల్సిన ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. "పాడు మేడయే పెండ్లికి పందిరాయె" అనండి, పెళ్ళీ మిగులుతుంది, గణమూ కుదురుతుంది.

చాటువు:
గణాలు విడదీసి చదివితే మాత్రం "పంది, రాయె" అని వస్తోంది. యతిస్థానంలో పంది! మేడ ఎంత పాడుబడినా ఇంతగానా?

కొత్తకలం:
సవరించుకుంటాను గురువుగారూ. పందిని మాత్రం ఏమీ చేయలేను, యతి దానిమీదే నిలబడింది.

లక్కపిడత:
సంబంధం మాత్రం బాగా కుదిర్చావు నాయనా. లక్క సీత అంటే ఏటికొప్పాక పిల్ల, పొనికి రాముడు కొండపల్లి అబ్బాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క ఒత్తుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. కొండపల్లి బొమ్మకు చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అందుకని నీ పద్యంలో నన్ను భయపెట్టింది సీత కాదు. చేయి పట్టుకుని లాగితే ఊడొచ్చేది రాముడి చెయ్యే.

రాత్రిబడి:
అక్క చెప్పిన ఊడొచ్చే చెయ్యి చదివాక నాది చప్పగా ఉంటుందేమో. అయినా:

మేడ విడనాడి పోయిరి మేటి దొరలు
నిదురపుచ్చిన బొమ్మను నిలుప మరచి
ఖాళి మెట్టున నను నిల్పి కదలనీక
కొలువు బొమ్మలు నడిరేయి కూడి నవ్వె

లక్కపిడత:
అమ్మో. కొలువు ముగిసిన రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టడం మా ఇంట్లోనూ ఉంది. తెల్లారి అమ్మ దాన్ని లేపకుండా వేరే పని మొదలుపెట్టదు. ఇన్నేళ్లలో ఎందుకని అడగలేదు. ఇప్పుడడగాలంటే భయంగా ఉంది.

పాలమూరు పిల్లగాడు:
మస్తుగుంది అన్నా. కానీ ఒక్క ముచ్చట. దొరలు ఇడిచిపెట్టి పట్నం పోయిన గడీలు మా దిక్కు శానా ఉన్నయి, చిన్నప్పుడు వాటిల్లనే దాగుడుమూతలు ఆడినం. దసరాకు మా దగ్గర బతుకమ్మ. బొమ్మల కొలువు ఏ దొర పెట్టిండు?

రాత్రిబడి:
తమ్ముడూ, నేను మేడ అన్నాను, గడి అనలేదు. మా కోనసీమ వైపు అనుకో. అక్కడ కొలువు సంక్రాంతికి పెడతారు.

గోదారిగట్టు:
సంక్రాంతికైతే ఆ మంచుకు కర్ర బిగుసుకుని...

చాటువు:
గట్టు గారూ, ఆగండి. మళ్లీ కిటికీ తెరుస్తున్నారు.

అయ్యవారు:
"ఖాళీ"ని "ఖాళి" చేయడం గణం కోసం పడ్డ కక్కుర్తి. అంతకుమించి ఎంత వెతికినా తప్పు దొరకలేదు. పై పూరణలన్నీ బొమ్మలు ఎందుకు నవ్వాయో చెప్పడానికి ఆయాసపడ్డాయి. ఇందులో కారణం లేదు, ఒక మెట్టు ఖాళీ అయింది, అంతే. "నను" అన్న రెండక్షరాలతో చెబుతున్నవాణ్ణే మెట్టెక్కించారు. ఒక సందేహం మాత్రం ఉంది. బొమ్మలకు ప్రాణం వచ్చాక "నవ్విరి" అనొద్దా?

మోడరేటర్:
పాదం నాది కాబట్టి నేనే చెబుతాను. బొమ్మలు అమహత్తు, అంటే వ్యాకరణంలో మనుషుల లెక్కలోకి రావు, "నవ్వె" సరిపోతుంది. ఎవరికైనా చేయి జారి "నవ్విరి" అని పడిందా, ఆ రోజు ఈ గుంపు మూసేసి ఊరెళ్లిపోతాను.

గోదారిగట్టు:
మేష్టారి మెప్పు దొరికింది గనుక రాత్రిబడి గారికి అభినందనలు. నా రెండో పూరణ. ఎవరినీ ఉద్దేశించినది కాదు:

యతులు గణములు లెక్కించు నయ్యవారు
పద్దు పుస్తకమున మోము పాతిపెట్ట
వెనుక నిలచి భుజము మీద వేలు మోపి
కొలువు బొమ్మలు నడిరేయి కూడి నవ్వె

చాటువు:
హహ్హహ్హ! ఇందులో కిటికీ లేదు, గాలి లేదు. ముందే ఇది వేయాల్సింది.

కొత్తకలం:
"యతులు"కి "నయ్యవారు"తో యతి చెల్లుతుందాండీ? నేర్చుకుందామని అడుగుతున్నాను.

అయ్యవారు:
చెల్లుతుంది బాబూ. యకారానికి అకారంతో మైత్రి ఉంది, అక్కడి నకారం ఆగమం, సంధిలో వచ్చి చేరింది. గట్టు గారి పద్యంలో యతి ఇంత శుభ్రంగా పడటం నాకూ ఆశ్చర్యమే. అయితే బొమ్మలు బహువచనం, వేలు ఏకవచనం. అన్ని బొమ్మలూ కలిసి ఒకే వేలు ఎలా మోపాయో కవిగారు సెలవియ్యాలి.

లక్కపిడత:
ఆ వేలు కొండపల్లిది మేష్టారూ. ఒక్కటే ఊడొచ్చింది, అందరూ పంచుకున్నారు.