రిటైర్మెంట్ డబ్బు కొడుకు ఫ్లాట్‌కి పెట్టాలా, దగ్గరుంచుకోవాలా?

తెనాలి మాస్టారు: మా తమ్ముడు జూన్‌లో రిటైరవుతున్నాడు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత వదులుకుని ముందే ఒకేసారి తీసుకునే డబ్బు) మొత్తం కొడుకు ఫ్లాట్‌కి కట్టేస్తానంటున్నాడు. నేను వద్దంటున్నాను. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 2023 నుంచి 30 లక్షల దాకా వేసుకోవచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. కమ్యూట్ చేసిన పెన్షన్ మళ్లీ కలవాలంటే 15 ఏళ్లు ఆగాలి. అప్పటిదాకా ఏం తింటాడు?

మియాపూర్ అబ్బాయి: వడ్డీలో ముందే పన్ను, అదే టీడీఎస్, కోస్తారు, అది చెప్పరేం?

తెనాలి మాస్టారు: పన్ను పడనివాళ్లు ఆ సంగతి ఫారంలో రాసిస్తే కొయ్యరు.

మియాపూర్ అబ్బాయి: ఐదేళ్లలోపు తీస్తే కోత ఉంటుంది కదా. ఫ్లాట్ అయితే అద్దె మిగులుతుంది.

కాకినాడ కోడలు: ఇద్దరూ టీడీఎస్ దగ్గరే ఆగిపోయారు. బీపీ, షుగర్ మందుల ఖర్చు ఎవరూ లెక్కెయ్యరా?

విజయనగరం అమ్మ: మావారి డబ్బంతా అబ్బాయి ఇంటికే పోసాం. నా మోకాలి ఆపరేషన్‌కి అడిగితే "ఈ నెల ఈఎంఐ ఉందమ్మా" అన్నాడు. గాజులు తాకట్టు పెట్టి చేయించుకున్నాను.

మియాపూర్ అబ్బాయి: కొడుకులందర్నీ ఒకే గాటన కట్టకండి! మా నాన్న రిటైరైన డబ్బు ఎఫ్‌డీలో వేసుకున్నారు. నేను అప్పు చేసి అద్దింటికి అడ్వాన్స్ కట్టాను. చెల్లి పెళ్లికి మాత్రం అదే ఎఫ్‌డీ తెంపి చెక్కు రాశారు. నాకు కావలసింది డబ్బు కాదండీ, చెల్లికి చేసినట్టు నాకూ చెయ్యాలన్న ఆలోచన ఆయనకి రావాలి.

తెనాలి మాస్టారు: అంటే నీ గొడవ మీ నాన్నతో. మా తమ్ముడికి దాంతో పనేంటి?

విజయనగరం అమ్మ: కసురుకోకండి మాస్టారూ. బాబూ, నీ బాధ నాకర్థమైంది. కానీ మావారు పోతే నాకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఇప్పటి పెన్షన్ కంటే తక్కువ. ఇంటి కాగితాల్లో నా పేరు లేదు. మాస్టారూ, మీ మరదలేమంటోంది?

తెనాలి మాస్టారు: ఫ్లాటే కావాలంటోందమ్మా, మనవడి దగ్గర ఉండొచ్చని. అలాగైతే రిజిస్ట్రేషన్‌లో ఆమె పేరూ ఉండాలి.

మియాపూర్ అబ్బాయి: పేరు పెడితే లోన్‌లోనూ సంతకం పెట్టమంటుంది బ్యాంకు. ఈ వయసులో ఆవిడ మీద అప్పు ఎందుకు?

తెనాలి మాస్టారు: అయితే సగం పోస్టాఫీసులో భార్యాభర్తలిద్దరి పేర జాయింట్‌గా వెయ్యాలి. ఫ్లాట్‌కి మిగతా సగమే. చాలకపోతే కొడుకు చిన్నది కొనుక్కోవాలి.