గ్రేవ్స్ వ్యాధి: ఆపరేషనా, రేడియో అయోడినా?

మాది కావలి. మా చెల్లికి గ్రేవ్స్ వ్యాధి (థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే జబ్బు) అని తేలింది. రక్తపరీక్షలో థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ బాగా పడిపోయింది, థైరాయిడ్ హార్మోన్ టీ4 పెరిగింది, థైరాయిడ్ యాంటీబాడీల పరీక్ష టీఆర్‌ఏబీ పాజిటివ్. రోగాలను అడ్డుకోవాల్సిన యాంటీబాడీలే థైరాయిడ్‌ను ఊరుకోనివ్వకుండా హార్మోన్ తయారుచేయిస్తున్నాయని డాక్టరు గారు చెప్పారు. అన్నం బాగానే తింటోంది, అయినా మనిషి చిక్కి సగమైంది. టీ గ్లాసు పట్టుకుంటే వేళ్లు వణికి చీర మీద ఒలుకుతోంది. కళ్లు కాస్త ముందుకొచ్చాయి, నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే.

ఇప్పుడు థైరాయిడ్ హార్మోన్‌ను తగ్గించే కార్బిమజోల్ మాత్రలు వాడుతోంది. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే రక్తపరీక్ష చేయించమన్నారు, తెల్లకణాలు పడిపోవచ్చట. ఈ మందు వాడేవాళ్లందరికీ ఇది తెలియాలి.

మామూలుగా 12 నుంచి 18 నెలలు వాడతారట. అప్పటికీ అదుపులోకి రాకపోతే రేడియో అయోడిన్ (థైరాయిడ్ కణాలను నాశనం చేసే రేడియోధార్మిక మందు) లేదా థైరాయిడ్ తీసేసే ఆపరేషన్. రేడియో అయోడిన్ తీసుకుంటే కనీసం 6 నెలలు గర్భం రాకూడదంటారు, కళ్ల సమస్య పెరగొచ్చని కూడా అంటారు. కొత్తగా పెళ్లయిన పిల్ల, ఏం చెప్పాలో తోచడం లేదు.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. నెల్లూరులోనే చేశారా, చెన్నై వెళ్లారా? కళ్లు మళ్లీ మామూలయ్యాయా? మా ఇంట్లో చేపల పులుసు లేనిదే ముద్ద దిగదు. సముద్రపు చేపల్లో అయోడిన్ ఉంటుంది కదా, వాటి విషయంలో మీ డాక్టర్లు ఏమన్నారు?