‘సంవహనం’ పైనుంచి మొదలైతే?

ప్రశ్న: ధ్రువ సముద్రాల మీద వ్యాసం రాస్తున్నాను. చలికాలంలో పై నీరు చల్లబడి లోతుకు దిగే క్రమానికి బడి పుస్తకాల్లోని ‘సంవహనం’ (convection, వేడి తేడా వల్ల నీరు కిందికీ పైకీ కదలడం) సరిపోతుందా? ఆ మాట వినగానే పొయ్యి మీద గిన్నె గుర్తొస్తుంది. ఇక్కడ కింద మంట ఏదీ? ‘భారజలం అడుగుకు చేరుతుంది’ అని కూడా రాశాను, అదీ నప్పలేదు.

జవాబు: ముందు ‘భారజలం’ తీసేయండి. అది అణు రియాక్టర్లలో వాడే డ్యుటీరియం నీటికి ఎప్పుడో స్థిరపడిపోయింది. ‘బరువెక్కిన నీరు’ అనండి, చాలు.

సంవహనం మాత్రం ఉండనివ్వండి. కిందనుంచి వేడి రావాలన్న షరతు ఆ మాటలో లేదు, పైనుంచి వేడి పోయినా జరిగేది అదే. కెనడాకూ గ్రీన్‌లాండ్‌కూ మధ్య ఉన్న లాబ్రడార్ సముద్రం మీదికి చలికాలంలో కెనడా వైపు నుంచి ఎముకలు కొరికే గాలి వీస్తుంది. పై నీరు చల్లబడి కింది నీటికంటే బరువెక్కుతుంది. మంచినీరైతే 4 డిగ్రీలు దాటి చల్లబడితే మళ్లీ తేలికై పైనే ఉండిపోయేది. సముద్రపు నీటికి మామూలు ఉప్పుదనంలో ఆ మలుపు లేదు, సుమారు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకట్టేదాకా సాంద్రత పెరుగుతూనే పోతుంది. 1990ల మొదట్లో లాబ్రడార్‌లో ఈ సంవహనం 2000 మీటర్ల లోతు దాటింది.

ప్రశ్న: అయితే ‘మునిగే నీరు’ అనొచ్చు కదండీ?

జవాబు: అక్కడే చిక్కు. సుమారు కిలోమీటరు వెడల్పున్న ధారలు సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగంతో దిగుతాయి. వాటి పక్కనే దాదాపు అంత నీరూ పైకొస్తుంది. లెక్క తీస్తే నికరంగా దిగేది స్వల్పం, జరిగేదంతా కలగలుపే. ‘మునిగే’ అంటే పాఠకుడు జలపాతాన్ని ఊహించుకుంటాడు.

మరొకరు: అంటార్కిటికా సంగతి వేరండీ. వెడెల్ సముద్రంలో మంచు గడ్డకడుతూ ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఖండతీరపు అంచు మీద అలా ఉప్పెక్కిన చల్లటి నీరు, వాలు వెంట జారి సముద్రపు అడుగుకు చేరుతుంది. దీనికి ‘జారడం’ అనే రాయండి, ‘సంవహనం’తో కలిపేయకండి. ‘లవణ విసర్జన’ అని ఒకచోట చదివాను. వైద్యుడి చీటీలా ఉంది. ‘ఉప్పు వదలడం’ అంటే ఏం పోయింది?

ప్రశ్న: మరి కలగలుపు జరిగే చోటును ‘చిమ్నీ’ అంటున్నారు. ‘పొగగొట్టం’ అనేదా?

జవాబు: పదుల కిలోమీటర్ల మేర ఉండేదాన్ని గొట్టం అంటే ఎవరు నమ్ముతారు? చిమ్నీ అనే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరించండి.