గ్రావెల్ బైక్ అమ్మి ఆల్‌రోడ్ కొనాలా? సుంకి ఘాట్ ఎక్కేవాళ్లు చెప్పండి

సెమిలిగుడ లెక్కల మాస్టారు:
అందరికీ నమస్కారం. కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఉంటాను. వయసు 47. నాలుగేళ్ల కిందట గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల కోసం చేసిన సైకిలు) కొన్నాను. అప్పట్లో దేవమాలి కొండ చుట్టూ నేను తిరిగే దారులన్నీ ఎర్రమట్టి, కంకర. టైర్లు 40 మిల్లీమీటర్లవి, ముందు పెడల్ దగ్గర 40 పళ్ల చైన్‌రింగ్ ఒక్కటే, వెనక 11 నుంచి 42 పళ్ల దాకా చక్రాలున్న క్యాసెట్.

ఇప్పుడు ఆ దారుల్లో సగానికి పైగా తారు పడింది. (మంచిదే. డోలీ కట్టి మనుషుల్ని మోసిన దారులవి. నా సరదా కోసం కంకర మిగలాలని కోరుకోలేను.) ఆదివారాలు పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగుతాను. అక్కడ అత్తవారింట్లో భోజనం, మళ్లీ ఎక్కడం. ఘాట్ కంటే అత్తగారి రెండో వడ్డనే కష్టం.

బాధలు మూడు. తారు మీద బొడిపెల టైర్లు తుమ్మెదలా రొద పెడతాయి. ఎక్కేటప్పుడు ఒక గేరు మరీ తేలిక, పక్కది మరీ బరువు, మధ్యలో ఏమీ లేదు. అరవై కిలోమీటర్లు దాటాక మెడ పట్టేస్తుంది. వచ్చే ఏడాది 200 కిలోమీటర్ల బ్రెవే (పందెం కాదు, గడువులోగా ముగించాల్సిన దూరయాత్ర) తొక్కాలని ఉంది. 13 గంటల 30 నిమిషాలు గడువు. ఆల్‌రోడ్ (ప్రధానంగా తారు కోసం, కాస్త కంకరా తట్టుకునే సైకిలు) తీసుకుంటే ఇవన్నీ తీరతాయా?

జయపురం రెండు రింగులు:
మాస్టారూ, నేను రెండేళ్ల కిందట ఇదే మార్పు చేశాను. గేర్ల విషయంలో మీ ఫిర్యాదు నిజం. నాకు ముందు 48, 32 పళ్ల రింగులు రెండు, వెనక 11–34. అన్నిటికంటే తేలికైన గేరు మీదీ నాదీ దాదాపు ఒకటే: 40ని 42తో, 32ని 34తో భాగించి చూడండి. తేడా మధ్యలో ఉంది. మీరు వెనక 28 పళ్ల నుంచి 32కు, అక్కడి నుంచి 37కు దూకే చోట నాకు 23, 25, 27, 30 అని నాలుగు మెట్లున్నాయి. కోరాపుట్ ఘాట్‌లో ఊపిరి లయ తప్పకపోవడం దానివల్లే.

అయితే వానాకాలం కథ వేరు. నా ఫ్రేములో 35 టైరు, పైన మడ్‌గార్డు పెడితే మధ్యలో వేలు దూరదు. పొలాల వైపు వెళ్తే ఎర్రమట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. నిరుడు శ్రావణంలో పుల్లతో గీకుతూ రెండు కిలోమీటర్లు నడిచాను. ఆల్‌రోడ్ అంటే అన్ని రోడ్లూ అని కాదండీ, పేరు పెట్టినవాళ్లు మన ఎర్రమట్టి చూడలేదు.

పర్లాకిమిడి బాటసారి:
ముందు టైర్లు మార్చండి. మీ రిమ్ముకే 35 నున్న టైరు ఎక్కుతుంది. నేను పాతపట్నం, టెక్కలి వైపు అలాగే తిరుగుతాను. రొద పోయింది, బండి చురుకైంది. మట్టిలోకి వెళ్లాలంటే పాత టైర్లు అటక మీద ఉన్నాయి. ట్యూబ్‌లెస్ అయితే సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) మూడు నెలలకోసారి చూసుకోండి. ఎండాకాలంలో లోపల అట్టకట్టి ఉంటుంది, ముల్లు గుచ్చుకున్నాకే తెలుస్తుంది.

ఒకటే రింగును రెండుగా మార్చే ఆలోచన మాత్రం వద్దు. క్రాంక్ (పెడల్ కడ్డీలు), ఎడమ చేతి షిఫ్టర్ (గేరు మీట), ముందు డెరైలర్ (చైన్ జరిపే భాగం), చాలావరకు వెనకది కూడా మార్చాలి. ఆ డబ్బు కొత్త బండికి దాచుకోవచ్చు.

రాయగడ నుంచి:
మెడ నొప్పికి గ్రావెల్ ఏం చేసింది? మీ ఎత్తు ఎంత, ఫ్రేము సైజు ఎంత, స్టెమ్ (హ్యాండిల్‌ను బండికి కలిపే ముక్క) పొడవు ఎంత?

సెమిలిగుడ లెక్కల మాస్టారు:
ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. నా ఎత్తు 168 సెంటీమీటర్లు. ఫ్రేము 56. స్టెమ్ 100 మిల్లీమీటర్లు. కొన్నప్పుడు షాపులో ఆ సైజు ఒక్కటే ఉంది, "అలవాటైపోతుంది సార్" అన్నారు. నాలుగేళ్లుగా అలవాటు చేసుకుంటూనే ఉన్నాను.

రాయగడ నుంచి:
అదీ సంగతి. మీకు 52 గానీ 54 గానీ సరిపోతుంది. 80 స్టెమ్ వేస్తే కొంత ఉపశమనం ఉంటుంది, కానీ పెద్ద చొక్కా చేతులు మడిచినట్టే. ఇదే 56లో ఆల్‌రోడ్ కొన్నా మెడ ఇలాగే పట్టేస్తుంది.

సెమిలిగుడ లెక్కల మాస్టారు:
పిల్లలకు ప్రశ్న రెండుసార్లు చదవమని చెప్పేవాణ్ణి, నా ప్రశ్నే సరిగా చదవలేదు. ప్రస్తుతానికి 35 నున్న టైర్లు, 80 స్టెమ్. దీపావళి దాకా సాలూరు దారిలో చూస్తాను. అప్పటికీ మెడ ఊరుకోకపోతే బండి అమ్ముతాను, కానీ 54లో. రెండు రింగులుండి, మడ్‌గార్డు పెట్టాక కూడా 38 టైరు పట్టే బండి ఎవరైనా వాడుతుంటే చెప్పండి. జయపురం వారిలా పుల్ల పట్టుకుని నడిచే ఓపిక నాకు లేదు.