చలిలో ఆరుబయట పెళ్లి: పట్టుచీర, సూటు లోపల ఏం వేసుకోవాలి?

వానగొడుగు

పెళ్లి పచ్చిక మైదానంలో. సాయంత్రం 4కి మొదలై రాత్రి 9 దాకా ఉంటుంది. పగలు 13 డిగ్రీలు, రాత్రికి 5 అని ఫోర్‌కాస్ట్. వాన ఒకరోజు 40 శాతం అంటుంది, మర్నాడు చూస్తే ఎండ బొమ్మ. గాలి మాత్రం ఖాయంలా ఉంది. పైన టెంటు వేస్తారట గానీ పక్కలు మూయరు. నేను పట్టుచీర, మావారు సూటు. మీద కోటు వేస్తే చీర ముచ్చట తీరదు, వేయకపోతే వణుకు. బయటికి కనపడకుండా లోపల ఏం వేసుకోవచ్చు? కాళ్లకి ఏం తొడగాలి? వాన పడితే చీర గతేంటి?

ఊలుదారం

ముందు ఆ 13, 5 అంకెలు పక్కన పెట్టి గంటగంటకీ ఇచ్చే ఫోర్‌కాస్ట్ చూడండి, అందులో గాలి వేగం కూడా. 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తెలిసేది దాదాపు 0 డిగ్రీలే. ఎండ బొమ్మ చూసి సంబరపడకండి. మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, మంచు దిగి గడ్డి తడుస్తుంది. చుక్క వాన పడకపోయినా కాళ్ల కింద తడే.

ఇంకోటి, నడిచేటప్పటి చలికి బట్టలు లెక్కేయకండి. కుర్చీలో కదలకుండా గంటసేపు కూర్చుంటారు చూడండి, ఆ గంటకి లెక్కేయండి. కూర్చున్న ఒంట్లో పుట్టే వేడి బాగా తక్కువ.

ఒంటికి అంటుకునే పొర మెరీనో ఊలుది (మెరీనో గొర్రెల సన్నటి ఊలు) అయితే మంచిది, చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాముల రకం. అది పల్చగా ఉంటుంది, పైబట్ట కింద ఉబ్బదు. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. అది దొరక్కపోతే పాలిస్టర్ థర్మల్, అంటే చలికి లోపల వేసుకునే బిగుతు బనియన్. నూలు బనియన్ మాత్రం వద్దు. చెమట పట్టిందంటే ఆరదు, తడిగుడ్డ చుట్టుకున్నట్టే.

చెమట అన్నాను కాబట్టి: కారులో హీటర్ పెట్టుకుని అన్ని పొరలూ తొడుక్కుని వెళ్లకండి. దారిలో పట్టిన చెమట తర్వాత పచ్చికలో కూర్చున్నాక వణికిస్తుంది. పైవి చేతిలో పట్టుకుని వెళ్లి, దిగేముందు తొడుక్కోండి.

కుచ్చిళ్లు

చీర సంగతి నేను చెప్తా. థర్మల్ అనగానే అందరూ ఎగబడి కొనేస్తారు, తీరా కట్టాక నడుం దగ్గర తెల్లగా పట్టీలా కనపడుతుంది. దాన్ని జాకెట్టు కిందికి మడిస్తే అక్కడ చుట్టలా ఉబ్బుతుంది. అందుకే తెలుపు కొనొద్దు. జాకెట్టు రంగులోనే తీసుకుని, కిందిభాగం లంగాలోకి దోపేయండి. కొంగుని నడుం మీదుగా కాస్త వెడల్పుగా లాగి పిన్నీసు పెడితే ఆ చోటు కప్పుకుపోతుంది.

జాకెట్టు వెనక మెడ లోతుగా ఉంటే థర్మల్‌ని వెనక్కీ ముందుకీ తిప్పి వేసుకోండి. సాధారణంగా ముందు మెడే ఎక్కువ దిగి ఉంటుంది కాబట్టి అది వీపువైపు వస్తుంది. ఎంత దిగుతుందో ముందే అద్దంలో చూసుకోండి. చేతులు మోచేతి దాకానే ఉంటే లోపలి చెయ్యి బయటికి పొడుచుకొస్తుంది, దానికి దారి ఫుల్ హ్యాండ్స్ జాకెట్టే. లేదంటే అంచు రంగులో సన్నటి ఊలు హైనెక్‌నే జాకెట్టుగా వేసేయండి. నన్నడిగితే చలికి ఇదే అన్నిటికంటే బాగుంటుంది, మెడ కూడా కప్పుకుంటుంది.

పాత జాకెట్టే అయితే థర్మల్ మీద వేసుకుని, చేతులు పైకెత్తి చూడండి. చంకలో పట్టేస్తే పక్క కుట్టు విప్పించి అర అంగుళం వదలమనండి. ఈ పని పెళ్లికి రెండురోజుల ముందు కాదు, వారం ముందే.

కింద హైవెయిస్ట్ ఫ్లీస్ లెగ్గింగ్స్, చీలమండ దాకా. లంగా నాడా లెగ్గింగ్స్ ఎలాస్టిక్ మీద కాకుండా దానికి రెండువేళ్లు కింద కట్టండి. ఎలాస్టిక్ మీదే బిగిస్తే రెండూ కలిసి దళసరిగా ఉబ్బుతాయి, కుచ్చిళ్లు నిలవవు. లంగా నూలుదే కట్టుకోండి. సాటిన్ అయితే ఫ్లీస్ మీద జారుతుంది, పైగా పొడిచలిలో స్టాటిక్ పుట్టి చీర కాళ్లకి అంటుకుపోతుంది. (ఒంటికి ఆననప్పుడు నూలుతో ఇబ్బంది లేదు, పైన ఊలుదారం గారు చెప్పింది లోపలి పొర గురించి.)

కట్టేటప్పుడు చెప్పులు వేసుకుని కట్టండి, అంచు నేలకి 2, 3 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. ఫాల్ గుడ్డ తడి గడ్డికి తగిలితే వత్తిలా నీళ్లు పీలుస్తుంది, ఆ తడి చీర మీదకి పాకుతుంది.

పైకి కోటు వద్దనుకుంటే నిజం ఊలు శాలువా, కనీసం 2 మీటర్ల పొడవు ఉండాలి. ఒకవైపు భుజం మీద లోపలినుంచి జాకెట్టుకి పిన్నీసు పెట్టండి, లేకపోతే సాయంత్రమంతా సర్దుకోవడంతోనే సరిపోతుంది. చీరకి మాత్రం పెట్టకండి, శాలువా బరువుకి పట్టు చిరుగుతుంది.

వానగొడుగు

తిరగేసి వేసుకోవడం అసలు తట్టలేదండీ! కాళ్లకి రెండు జతల సాక్సులు వేస్తే సరిపోతుందా? నా దగ్గర ఉన్నవి సన్న హీల్స్.

తోలుముక్క

రెండు జతలు వద్దు. బూటు అదే సైజుదైతే రెండో జతతో పాదం బిగుసుకుపోతుంది, రక్తం సరిగా ఆడదు, వేడిని పట్టి ఉంచాల్సిన గాలికీ చోటుండదు. ఒక్కజత ఊలు సాక్సు, లోపల వేళ్లు కదిలేంత ఖాళీ ఉండాలి.

చలి ఎక్కువగా వచ్చేది కిందినుంచి. బూటు లోపలి అట్ట తీసి దాని కింద ఫెల్ట్ లేదా కార్క్ ఇన్‌సోల్ పరవండి, 3 మిల్లీమీటర్లు చాలు. తోలు సోల్ తడి పీలుస్తుంది, రబ్బరు సోల్ ఉన్నదే తొడగండి. మీవారికీ ఇదే మాట.

సన్న హీల్ తడి పచ్చికలో మేకులా దిగబడుతుంది, అడుగడుక్కీ పెరుక్కోవాలి. వెడల్పు బ్లాక్ హీల్ గానీ వెడ్జ్ గానీ వేసుకోండి. సన్నవే వేసుకోవాలనుకుంటే మొనకి తొడిగే ప్లాస్టిక్ టోపీలు దొరుకుతాయి, మెత్తటి బురదలో అవీ అంతంతమాత్రమే. అంచు ఎత్తి కట్టినా చీర చాలావరకు పాదాన్ని కప్పేస్తుంది కాబట్టి లోపల చీలమండ బూట్లు వేసుకున్నా అంతగా కనపడవు. నేనైతే వాటికే ఓటేస్తాను.

కత్తెర

సూటుకి నాలుగు మాటలు. మీటరుకు 300 గ్రాములు పైబడిన ఊలు గుడ్డయితే చలికి నిలుస్తుంది, 220, 240 గ్రాములవి ఎండాకాలానివి. కొత్తది కొనక్కర్లేదు, ఉన్నదాని లోపల వి-నెక్ ఊలు థర్మల్, షర్టు మీద సన్న ఊలు వెయిస్ట్‌కోటు చాలు. గుండ్రటి మెడ థర్మల్ అయితే పైబొత్తాం విప్పగానే కనపడుతుంది. లోపలి ప్యాంటు వేస్తే స్లిమ్‌ఫిట్ తొడల దగ్గర పట్టేస్తుంది. నిలబడి కాదు, కూర్చుని చూడండి.

ఓవర్‌కోటు సూటు వేసుకునే కొలిచి తీసుకోవాలి, అంచు సూటు కోటు కంటే కిందికి రావాలి. ఛాతీ దగ్గర ఉండే తెరపిలోంచే గాలి దూరుతుంది, మఫ్లర్ అక్కడ అడ్డంగా వేసి బొత్తాలు పెట్టుకోమనండి.

జరీపోగు

వాన సంగతి మిగిలింది. పట్టు మీద చినుకు పడితే ఆరాక అంచున గీతలా మరక మిగలొచ్చు. పడగానే పొడి నూలుగుడ్డతో అద్దండి. రుద్దొద్దు, తడిసిన పట్టుకి బలం తగ్గుతుంది, పోగులు లేచిపోతాయి. బాగా తడిస్తే హీటర్ దగ్గర పట్టకండి, ఇస్త్రీ పెట్టకండి. ఇంటికెళ్లగానే నీడలో పరిచి ఆరేయండి. తడి చీర మడతేస్తే జరీ నల్లబడుతుంది, అంచు రంగు చీర ఒంట్లోకి దిగుతుంది. వాన శాతం ఆ రోజు పొద్దునకి 60 దాటితే పట్టు మానేసి క్రేప్ కట్టుకోండి, త్వరగా ఆరుతుంది.

గొడుగు పారదర్శకంగా, గుమ్మటంలా లోతుగా ఉన్నది తీసుకోండి. రంగు గొడుగు కింద ఫోటోల్లో ముఖానికి ఆ రంగే పడుతుంది. లోతున్నది గాలికి అంత తొందరగా తిరగబడదు.

హీట్ ప్యాక్‌లు రెండు ఉంచుకోండి. లోపల ఇనుపపొడి గాలి తగిలి వేడెక్కుతుంది, కాబట్టి చలేశాక కాదు, 15, 20 నిమిషాల ముందే కవరు చించాలి. నడుం వెనక, థర్మల్ పైన లంగాకి దోపితే ఒళ్లంతా హాయిగా ఉంటుంది. ఒంటికి నేరుగా తగలనివ్వకండి, నొప్పి తెలియకుండానే చర్మం కాలుతుంది. బూట్లలోకి పాదాలకని అమ్మేవే వాడండి, చేతులవాటికి అక్కడ గాలి చాలదు.

టెంటులో నిలువు హీటర్లు గానీ నెగళ్లు గానీ పెడితే వాటి పక్కకి వెళ్లేముందు కొంగు ముందుకి తెచ్చి నడుంలో దోపుకోండి. సింథటిక్ శాలువా నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, ఊలుకి నిప్పు అంత తేలిగ్గా అంటుకోదు.

వానగొడుగు

హైనెక్, చీలమండ బూట్లు ఖాయం చేశాం. చీర మాత్రం రెండూ ఇస్త్రీ చేయించి పెడుతున్నా, పొద్దున 8కి ఫోర్‌కాస్ట్ చూసి ఏది కట్టాలో తేలుస్తాను.

కుచ్చిళ్లు

మంచిది. రెండు చీరలకీ అదే హైనెక్ నప్పుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. క్రేప్ చీరకి కూడా ఫాల్ కుట్టించారా?