ల్యాబ్ సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారు, ఫార్మాట్ కొట్టేయమంటారా?

ప్రశ్న (రీసెర్చ్ స్కాలర్, నెల్లూరు):
అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లో ఉబుంటు సర్వర్ ఒకటుంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటల్లో తీసిన వెనామీ రొయ్యల సీక్వెన్సింగ్ డేటా అంతా అందులోనే ఉంది. వైట్‌స్పాట్ (రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వైరస్ జబ్బు) మీద నా థీసిస్‌కి అదే ఆధారం. కొన్నాళ్లుగా రాత్రిళ్లు ఎవరూ జాబ్ పెట్టకపోయినా సీపీయూ వంద శాతం నడుస్తోంది. చూస్తే ‘కేస్వాప్‌డీ0’ అనే ప్రోగ్రామ్, అదీ చదువు ముగించి వెళ్లిపోయిన సీనియర్ అక్క యూజర్ పేరుతో. కిల్ చేస్తే నిమిషంలో మళ్లీ లేస్తోంది. ఫార్మాట్ కొట్టేద్దామని గైడ్ సార్ అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక సంస్థ క్లస్టర్‌కి (కలిపి నడిపే పెద్ద కంప్యూటర్ల గుంపు) కూడా మేం దీన్నుంచే లాగిన్ అవుతాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (సిస్టమ్ అడ్మిన్, ఒంగోలు):
తమ్ముడూ, ఫార్మాట్ ఇప్పుడే వద్దు. పవర్ కూడా ఆపొద్దు, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకెయ్. అసలు కేస్వాప్‌డీ0 కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సొంత పని, రూట్ అనే ప్రధాన అడ్మిన్ పేరుతోనే ఉంటుంది. మామూలు యూజర్ పేరుతో నడుస్తోందంటే ఆ పేరు తగిలించుకున్న క్రిప్టో మైనర్ (మన సీపీయూతో దొంగలకు క్రిప్టో డబ్బు సంపాదించిపెట్టే ప్రోగ్రామ్) అయ్యుంటుంది. ఆ యూజర్ క్రాన్‌టాబ్ (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనుల జాబితా) చూడు, మళ్లీ మళ్లీ లేపేది అక్కడే దొరకొచ్చు. ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో (పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యే కీల జాబితా) తెలియని కీ ఉందేమో కూడా చూడు. ఏదీ చెరపకు, రాసిపెట్టుకో.

నా భయం మైనర్ గురించి కాదు, ఆ హైదరాబాద్ లాగిన్ గురించి. 2020 మేలో ఎడిన్‌బరోలోని ఆర్చర్‌తో పాటు జర్మనీ, స్విట్జర్లాండ్‌లలోని సూపర్‌కంప్యూటర్లను మూసేయాల్సి వచ్చింది. రీసెర్చ్ చేసేవాళ్లకు నాలుగైదు చోట్ల అకౌంట్లుంటాయి కదా, హ్యాకర్లు ఒకచోట కొట్టేసిన ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌తో ఇంకోచోటికి పాకారు. ఆర్చర్‌లో యూజర్లందరి పాస్‌వర్డ్‌లూ, కీలూ మార్చారు. మీ ప్రైవేట్ కీలు ఆ సర్వర్‌లో ఉంటే పోయినట్టే లెక్క. దాని మీద కూర్చుని టైప్ చేసిన పాస్‌వర్డ్‌లూ అంతే. ఇవాళే హైదరాబాద్ వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. మన పరువు పోతుందని ఆగితే వాళ్ల కొంప మునుగుతుంది.

ఇంకొకరు (కావలి):
సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే సరిపోదా అన్నా?

సిస్టమ్ అడ్మిన్, ఒంగోలు:
అది డబ్బు పోయిన మోసాలకు. ఇది సెర్ట్-ఇన్‌కి (సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పాలి. 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం గమనించిన 6 గంటల్లోపే చెప్పాలి, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ రాసుకునే రికార్డులు) 180 రోజులు దాచాలి. ఉబుంటు మామూలుగా లాగిన్ లాగ్‌లను నాలుగు వారాలే ఉంచుతుంది, కాబట్టి ఉన్నవైనా వెంటనే కాపీ తీయండి. ఆ రిపోర్టు నువ్వు కాదు, గైడ్ సార్, కంప్యూటర్ సెంటర్ వాళ్లు పంపాలి. ఆలస్యమైందని మానేయొద్దు.

రీసెర్చ్ స్కాలర్, నెల్లూరు:
మరి డేటా సంగతి? బ్యాకప్ పక్కనే నాస్‌లో (నెట్‌వర్క్‌లో ఉండే స్టోరేజ్ పెట్టె) ఉంది, ఎప్పుడూ సర్వర్‌కి మౌంట్ అయ్యే (కలిసే) ఉంటుంది.

జవాబు (బయోఇన్ఫర్మాటిక్స్, కందుకూరు):
ఆ నాస్‌ని కూడా వెంటనే విడదీయండి. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ యూనివర్సిటీకి 2019 డిసెంబర్‌లో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడ్డప్పుడు కొన్ని బ్యాకప్ సర్వర్లు కూడా లాక్ అయిపోయాయి, చివరికి 30 బిట్‌కాయిన్లు కట్టారు. మీ సీక్వెన్సింగ్ కంపెనీ ముడి ఫైళ్లతో పాటు ఎండీ5 జాబితా (ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే కోడ్‌లు) పంపే ఉంటుంది. ఆ మెయిల్ తీసి, వేరే శుభ్రమైన మెషీన్‌లో ఒక్కొక్క ఫైల్ సరిచూడండి. సరిపోయిన ముడి ఫైళ్లనే నమ్మండి. వాటి నుంచి వచ్చిన ఫలితాలను మళ్లీ రన్ చేసుకోవడమే మంచిది. థీసిస్ ఆలస్యమవుతుంది, తెలుసు, కానీ రేపు ఆ రొయ్యల రైతులకు చెప్పేది సరైన డేటా మీద నిలబడాలి.

రీసెర్చ్ స్కాలర్, నెల్లూరు:
కేబుల్ పీకేశాం, నాస్ విడదీశాం. అక్క అకౌంట్‌లో తెలియని కీ ఒకటి ఉంది. హైదరాబాద్ వాళ్లు మా అకౌంట్లు ఆపేసి, ఏయే తేదీల్లో లాగిన్ అయ్యామో అడిగారు. రిపోర్టుకి సార్ ఒప్పుకున్నారు.

సిస్టమ్ అడ్మిన్, ఒంగోలు:
మంచి పని చేశారు. బయటి డ్రైవ్‌లోకి మొత్తం డిస్క్ ఇమేజ్ (డిస్క్‌కి ఉన్నదున్నట్టు కాపీ) తీశాకే ఫార్మాట్. కొత్త కీలు ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లే చేసుకోండి, పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే పాస్‌వర్డ్) తప్పనిసరి. సర్వర్ మళ్లీ ఎక్కించాక వెళ్లిపోయిన వాళ్ల అకౌంట్ ఒక్కటి కూడా తెరవొద్దు. ఇమేజ్ తీసేటప్పుడు ఎర్రర్ వస్తే ఇక్కడే రాయి, చూస్తాను.